మామిడికాయ రాక్షసబల్లి



పిల్లలున్న ఇంటిలో రాక్షసబల్లి పేరు వినబడని రోజు ఉండదు. 1842వ సంవత్సరంలో రిచర్డ్ ఓవెన్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు గ్రీకు భాషలోని రెండు మాటలు కలిపి ఆ ప్రాచీన జంతువులకు డైనోసార్ అన్న పేరు కల్పించాడు. భయంకరమైన బల్లి అని దాని అర్థం. మన తెలుగువారు ఆ భయాన్ని మరొక మెట్టు ఎక్కించి రాక్షసబల్లి అన్నారు. అట్టి రాక్షసబల్లి ఒకటి పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చినది. అది జానెడు పొడవు ఉంటుంది. పొట్ట మామిడికాయ, మెడా, కాళ్ళూ రాక్షసబల్లివి, లోపల నిండా దూది. ఎనభై ఏళ్ళు దాటిన మా పెద్దమ్మ దానిని కొక్కెపు సూదితో అల్లింది. అల్లిన విధానమూ, అల్లడానికి ముందు జరిగిన కథా ఈ పూట మీకు మనవి చేస్తాను.

వేసవి సెలవులలో మా అమ్మాయిని వెంటబెట్టుకొని హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియమునకు వెళ్ళాను. అక్కడ కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం ఉన్నది. అది పరదేశపు జంతువు కాదు. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దాని ఎముకలు బయటపడ్డవి. ఒక జంతువువి కాదు, కనీసం పన్నెండింటి ఎముకలు కలగలిసిపోయి దొరికినవి. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు 1988లో దీనికి నామకరణం చేశారు. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోటా అనే గ్రామం పేరుమీదుగా అక్కడి శిలలకు కోటా శిలలని పేరు. ఆ శిలలలో దొరికిన జంతువు గనుక ఇది కోటాసారస్ అయినది. తొమ్మిది మీటర్ల పొడవు, పొడుగాటి మెడ, అంతకంటె పొడుగాటి తోక. ఇంత దేహం ఉండి అది శుద్ధ శాకాహారి.

ఇందులో ఒక విచిత్రమున్నది. అన్ని ఎముకలు దొరికినా, దాని తల మాత్రం దొరకలేదు. రెండు పళ్ళు తప్ప తలకు సంబంధించినది ఏదీ లభించలేదు. మ్యూజియములో మనం చూసే తల దాని బంధువర్గంలోని జంతువులను బట్టి ఊహించి చేసినది. ఈ సంగతి చెప్పగానే మా అమ్మాయి కొంతసేపు ఆలోచించి, "అయితే దాని ముఖం ఎట్లా ఉండేదో ఎవరికీ తెలియదన్నమాట. మనకు నచ్చినట్లు పెట్టుకోవచ్చు" అన్నది. పెద్దలు ఒక చిక్కును చూచేచోట పిల్లలు ఒక అవకాశాన్ని చూస్తారు కద!

అక్కడినుంచి మేము నరసాపురం దగ్గర పల్లెలో ఉన్న మా పెద్దమ్మగారింటికి వెళ్ళాము. ఆ ఇంటిలో మామిడికాయల కాలం. మంచాలక్రింద గడ్డిలో మాగబెట్టిన బంగినపల్లి, అటకమీద కలెక్టరు కాయలు. మా అమ్మాయి ఆ మామిడికాయల మధ్య బోర్లా పడుకొని ఒక బొమ్మ గీసింది. మామిడికాయకు నాలుగు కాళ్ళు, ముచ్చిక దగ్గర పొడుగాటి మెడ, కొసన తోక, నెత్తిన రెండు ఆకులు. "ఇట్లాంటిది అప్పుడు ఉండేదా అమ్మా?" అని అడిగింది.

నేను చదువుకున్నదానిని గనుక శాస్త్రం చెప్పాను. కోటాసారస్ జీవించినది సుమారు 18 కోట్ల సంవత్సరాలకు పూర్వం. పూలు పూచే చెట్లు భూమిమీద ఉన్నట్లు నిశ్చయంగా చెప్పగల శిలాజాలు సుమారు 13 కోట్ల సంవత్సరాలనాటివి. పువ్వు లేనిదే పండు లేదు. కనుక కోటాసారస్ తన జన్మలో ఒక్క పండునైనా ఎరుగదు. పర్ణులూ, సైకస్ జాతి మొక్కలూ, పైను వంటి చెట్ల ఆకులూ దాని ఆహారం. మామిడికీ దానికీ మధ్య కోట్ల ఏళ్ళ అగాధమున్నది. ఇదంతా విని అది, "పాపం, అది పండు తినలేదు గనుకనే ఇప్పుడు దాని పొట్టనే పండు చేస్తున్నాను" అన్నది. దానికి నావద్ద సమాధానం లేకపోయింది. కాగితం తీసుకొని మా పెద్దమ్మ దగ్గరకు పరుగెత్తింది. "అమ్మమ్మా, నీకు సూదిపని వచ్చుకద, ఇది అల్లిపెట్టవా?" అన్నది.

మా పెద్దమ్మ కళ్ళజోడు సరిచేసుకొని ఆ కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది. చూసి నన్ను పిలిచి, "ఎవరికే ఇది? ఎన్ని కావాలంట? డజనుకి ఎంతిస్తారంట?" అని అడిగింది.

ఆమె ఆ మాట ఎందుకు అడిగిందో చెప్పాలంటే నరసాపురం లేసు సంగతి కొంచెం చెప్పాలి. ఆదిలాబాదు అడవులలో ప్రాణహితను కలుపుకొని వచ్చిన గోదావరి, వశిష్ఠ పాయగా చీలి సముద్రంలో కలిసే చోటికి సమీపంలో నరసాపురం ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో గోదావరి ప్రాంతానికి వచ్చిన క్రైస్తవ మిషనరీలు అక్కడి స్త్రీలకు లేసు అల్లడం నేర్పారు. సన్నని తెల్లని నూలు దారం, చిన్న కొక్కెం ఉన్న ఉక్కు సూది, అంతే పనిముట్లు. ఆ రెండింటితో బల్లగుడ్డలు, దుప్పట్ల అంచులు, దిండు గలీబులు తయారై దేశాంతరాలకు ఎగుమతి అయినవి. పరదేశాలలో ఎందరో భోజనాలబల్లపై పరచుకొన్న ఆ గుడ్డలను అల్లిన స్త్రీలు, అటువంటి బల్లముందు ఒక్కనాడైనా కూర్చున్నవారు కారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషించదగినదే.

అయితే 1982లో వెలువడిన ఒక గ్రంథాన్ని ఇక్కడ స్మరించక తప్పదు. జర్మను దేశపు సమాజశాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం ప్రాంతంలో నివసించి, లేసు అల్లే స్త్రీలను గూర్చి ఆ గ్రంథం వ్రాసింది. ఈ స్త్రీలు ఇంటిపని చేసుకొంటూనే రోజుకు ఆరు, ఏడు, ఎనిమిది గంటలు అల్లినా, లోకం వారిని పనివారుగా లెక్కించలేదు. వారు గృహిణులు, తీరిక వేళలలో కాలక్షేపానికి అల్లుతారు అని లోకం అనుకొన్నది. కాలక్షేపానికి కూలి ఎవరిస్తారు? ఆనాటి కూలి రోజుకు ఒక రూపాయి కూడ కాలేదని ఆమె వ్రాసింది.

మా పెద్దమ్మ ఆ స్త్రీలలో ఒకతె. ఏడవ ఏట సూది పట్టింది. కంటిలో శుక్లం వచ్చి శస్త్రచికిత్స అయ్యేవరకు, అంటే అరవై ఏళ్ళకు పైగా, అల్లుతూనే ఉన్నది. దారం ఏజెంటు తూచి ఇచ్చేవాడు. సరుకు తూచి తీసుకొనేవాడు. మరక పడితే కోత, ఆలస్యమైతే కోత. లెక్క ఎప్పుడూ డజన్లలోనే. ఇంతకాలంలో ఆమె ఏనాడూ ఒక వస్తువును ఒక్కటిగా అల్లలేదు. తన ఇంటికోసమూ అల్లలేదు. శస్త్రచికిత్స అయిన తరువాత సూదిని బియ్యపు డబ్బా వెనుక పెట్టి, మళ్ళీ ముట్టలేదు.

"డజను కాదు అమ్మమ్మా, ఒక్కటే. నాకు" అన్నది మా అమ్మాయి.

"ఒక్కదానికోసం సూది పట్టుకుంటారా ఎవరైనా?" అన్నది మా పెద్దమ్మ. ఆ పూటకు అంతే. మరునాడు తెల్లవారి లేచి చూచేసరికి ఆమె గుమ్మంలో కూర్చొని, బొమ్మ గీసిన కాగితాన్ని మోకాలిపై పెట్టుకొని చూస్తూ ఉన్నది. "బంగినపల్లి పనికిరాదు. కలెక్టరు కాయ చెయ్యాలి. దానికి ముక్కు ఉంటుంది. ఆ ముక్కునే లాగితే తోక అవుతుంది" అన్నది. కలెక్టరు కాయనే తోతాపురి అని కూడ అంటారు. తోతా అంటే చిలుక. ఆ చిలుకముక్కులో ఆమెకు తోక కనిపించినది.

ఇట్లా అల్లి, లోపల దూది కూరి చేసే బొమ్మలకు జపాను దేశంలో అమిగురుమి అని పేరు. అల్లిక అన్న మాటను, దూది బొమ్మ అన్న మాటను కలిపి ఆ పేరు పెట్టారు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలనుండి ఈ విద్య దేశదేశాలకు ప్రాకింది. జంతువులకు పండ్ల రూపం, పండ్లకు జంతువుల ముఖం కల్పించడం ఇందులో ఒక వేడుక. నేర్చుకోదలచినవారికోసం మా పెద్దమ్మ చేసిన పద్ధతిని క్రమంగా చెబుతాను.

లేసుకు సన్నదారం, దాదాపు ఒక మిల్లీమీటరు సూది. బొమ్మకు అది పనికిరాదు. కొంచెం లావుపాటి నూలుదారం గాని, ఉన్నివంటి దారం గాని తీసుకోవాలి. సూది రెండున్నర, మూడు మిల్లీమీటర్లది చాలు. ఆ దారానికి సాధారణంగా వాడే సూదికంటె ఒక అంతస్తు సన్నని సూది వాడితే కుట్లు దగ్గరగా పడతవి. ఇక్కడ ఒక భేదం గమనించాలి. లేసు అందం కన్నాలలో ఉన్నది. ఎక్కడ దారం లేకుండా విడవాలో తెలియడమే ఆ విద్య. బొమ్మకు కన్నం ఉండకూడదు. ఉంటే దూది బయటికి తొంగిచూస్తుంది. "బతుకంతా కన్నాలు అల్లిన చెయ్యే, ఇప్పుడు మూసెయ్యమంటున్నారు" అని మా పెద్దమ్మ నవ్వింది.

కుట్టు ఒక్కటే రకం. సూదిని క్రింది వరుస కుట్టులో గుచ్చి దారాన్ని లాగితే సూదిమీద రెండు మెలికలు ఉంటవి. మరల దారం చుట్టి ఆ రెండింటిలోనుంచి ఒక్కసారిగా లాగితే ఒక కుట్టు పూర్తి అవుతుంది. మొట్టమొదట వేలికి దారం చుట్టి వలయం చేసి, ఆ వలయంలో 6 కుట్లు వేసి, దారపు కొస లాగితే నడిమి రంధ్రం మూసుకుంటుంది. అదే మామిడికాయ ముచ్చిక. రెండవ వరుసలో ప్రతి కుట్టులోను రెండేసి కుట్లు వేస్తే 12 అవుతవి. ఆపైన ప్రతి వరుసకు ఆరేసి కుట్లు పెంచుకొంటూ 18, 24, 30, 36 వరకు పోవాలి. ఆరేసి చొప్పున పెంచితే అల్లిక చదునుగా చక్రంవలె విచ్చుకుంటుంది. పెంచడం మానితే అంచులు లేచి గిన్నె అవుతుంది. మరీ ఎక్కువగా పెంచితే అంచు కుచ్చెళ్ళు పోతుంది. బొమ్మల అల్లికలోని గణితమంతా ఈ మూడు మాటలలోనే ఉన్నది. ప్రతి వరుసలోని మొదటి కుట్టుకు వేరు రంగు దారపు ముక్క గుర్తు కట్టుకొంటే లెక్క తప్పదు.

36 కుట్లతో ఆరు వరుసలు పెంచకుండా అల్లాలి. అయితే మామిడికాయ బంతివలె గుండ్రన కాదు. ఒక ప్రక్క ఉబ్బి ఉంటుంది. అందుచేత తరువాతి రెండు వరుసలలో ఒక ప్రక్కన మాత్రమే మూడేసి కుట్లు పెంచాలి. 36 కాస్తా 39, తరువాత 42 అవుతుంది. ఆ ఉబ్బిన వైపే రాక్షసబల్లి పొట్ట. 42తో మరి నాలుగు వరుసలు అల్లి, ఇక రెండేసి కుట్లను ఒకటిగా కలుపుతూ వరుసకు ఆరు చొప్పున తగ్గించాలి. 18 దగ్గరకు వచ్చేసరికి ఆగి లోపల కూరుకోవాలి. ఇంకా ఆలస్యమైతే వేళ్ళు పట్టవు. తరువాత 12కు తగ్గించి, ఎనిమిది వరుసలు సమంగా అల్లితే ముక్కు సాగి తోక అవుతుంది. తోకలోకి కొంచెం దూది నెట్టి, 6కు తగ్గించి ముడివేయాలి.

కూరే దూది విషయంలో జాగ్రత్త కావాలి. పత్తి దూది ఉతికితే గడ్డకడుతుంది. బూరుగుదూది మెత్తన, కాని అతి సన్నని సందులోనుంచి కూడ జారుతుంది. మా పెద్దమ్మ తన పాత నేతచీర చెంగుతో చిన్న సంచి కుట్టి, దానిలో బూరుగుదూది నింపి, ఆ సంచిని లోపల పెట్టింది. బజారులో దొరికే కృత్రిమపు దూది వాడితే ఈ సంచి అవసరం లేదు. ఉతకడానికీ అది అనుకూలం.

తలా మెడా కలిపి వేరే ముక్కగా అల్లాలి. 6, 12, 18. 18తో నాలుగు వరుసలు తల. 12కు తగ్గించి పదునాలుగు వరుసలు మెడ. కాళ్ళు నాలుగు: 6, 12, ఆపైన 12తో ఐదేసి వరుసలు. ఆకులు పచ్చదారంతో. ఇక మిగిలినది ముక్కలను కలిపే పని. నరసాపురం ప్రాంతంలో దీనిని అతుకుపని అంటారు. లేసు ముక్కలను కలిపి కుట్టేవారు వేరే ఉండేవారు. మా పెద్దమ్మ తన జీవితంలో మొదటిసారిగా ఒక వస్తువును మొదటి మెలికనుంచి చివరి అతుకువరకు తానే చేసింది.

మొదటిసారి మెడ నిలబడలేదు. దూది చాలక వెనుకకు వ్రాలిపోయింది. ఆమె ఏమాత్రం విచారించక అతుకు కోసి, ముడి విడదీసి దారం లాగింది. పదునాలుగు వరుసలు క్షణంలో విడిపోయినవి. కొక్కెపు అల్లికలో సజీవంగా ఉండేది ఒక్క మెలికే. విప్పడం సులభం, ఎక్కడినుంచి కావలిస్తే అక్కడినుంచి తిరిగి మొదలుపెట్టడమూ సులభం. మరల అల్లుతూ, రెండు వరుసలకొకసారి దూది గట్టిగా దట్టించి, మెడ అడుగును వెడల్పుగా పరచి కుట్టింది. కళ్ళకు గుండీలు వద్దని నేను చెప్పాను. చిన్నపిల్లలు గుండీలు పెరికి నోట పెట్టుకొనే ప్రమాదమున్నది. నల్లదారంతోనే కళ్ళు కుట్టింది. నోరు మా అమ్మాయి చెప్పినట్లు నవ్వుతున్నట్లు కుట్టింది. ఆ జంతువు తల ఎవరూ చూడలేదు గనుక ఆక్షేపించేవారూ లేరు.

విప్పినవి వదిలివేసినా, ఆ బొమ్మలో సుమారు 1400 కుట్లు ఉన్నవి. అమ్మమ్మ సూది పట్టినప్పుడల్లా మా అమ్మాయి గోడకున్న క్యాలెండరుపై గీతలు గీసింది. ఆరు రోజులలో మొత్తం తొమ్మిది గంటలు అయినవి. "అమ్మమ్మా, తొమ్మిది గంటలు!" అని కేకవేసింది. మా పెద్దమ్మ చేతిలోని సూది ఆగింది. "అన్నేళ్ళు అల్లాను, ఎన్ని గంటలో ఎవరూ గీతలు గియ్యలేదే" అన్నది. అని ఊరుకున్నది.

ఆ సాయంకాలం ప్రక్క వీధినుంచి ఒకాయన వచ్చాడు. పట్నంలో బొమ్మలు అమ్మే వ్యాపారం ఆయనది. అరుగుమీద నిలబెట్టిన బొమ్మను తిప్పితిప్పి చూసి, "ఇట్లాంటివి పట్నంలో బాగా పోతాయండి. డజను అల్లిపెడితే ఎంతకిస్తారు?" అని అడిగాడు. మా పెద్దమ్మ క్యాలెండరు వైపు చూపించింది. "ఒక్కోటి తొమ్మిది గంటలు. గంటకి ఎంతిస్తారో ముందు అది చెప్పండి" అన్నది.

ఆయన ఏదో గొణిగి వెళ్ళిపోయాడు. బేరం కుదరలేదు. అయినా ఆ రాత్రి ఆమె నాతో చాలాసేపు మాట్లాడింది. అరవై ఏళ్ళలో ఏ సంవత్సరం ఏ నమూనా అల్లిందో, దీపం వెలుతురులో ఏ కుట్టు కంటికి కష్టమో, ఒక్కొక్కటే చెప్పింది. ఆ కబుర్లు నేను మునుపు ఎన్నడూ వినలేదు. అడగనూ లేదు.

శ్రోతలారా, స్వెటర్లు అల్లే యంత్రాలు ఎప్పుడో వచ్చినవి. కొక్కెపు సూది అల్లికను అచ్చముగా అల్లే యంత్రం మాత్రం ఇంకా వాడుకలోకి రాలేదు. మీరు అంగడిలో ఒక అల్లిక బొమ్మను చేతిలోకి తీసుకొంటే, అది ఎంత చవక అయినా, ఎవరో ఒకరి వేళ్ళు ఒక్కొక్క మెలికా లాగినవే. బేరమాడేముందు ఎన్ని గంటలు పట్టినదని ఒక్కసారి అడిగి చూడండి. మీ ఇంటిలోనే సూదిపని తెలిసిన పెద్దవారుంటే, ఒక్క వస్తువు అల్లిపెట్టమని అడగండి. పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టి గీతలు గీయమనండి.

మా మామిడికాయ రాక్షసబల్లికి మెడ ఇంకా కొంచెం ఎడమకు వంగే ఉన్నది. సరిచేస్తానని మా పెద్దమ్మ అంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. అది చెవి ఒగ్గి వింటున్నదట. అందుకని దానిని తెచ్చి మా ఇంటిలో రేడియో ప్రక్కన నిలబెట్టింది.

సెలవు.